రెండు రంగుల సంచి

ఉదయం ఆరూ నలభైకి బావ టీ గ్లాసు కడిగి బోర్లించి, చేప తను తెస్తానన్నాడు. ఆ రోజు అక్క పెద్దకర్మ. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టడం మా వాళ్ల అలవాటు. అక్కకి ఇలిశ చేప, అంటే ఇక్కడి బెంగాలీల పులస, ఇష్టం.

"నేను తెస్తాను బావా," అన్నాను.

"ఆదివారం పూట గోల్‌బజారుకి నువ్వెల్తావా? నువ్వు చేపని తెస్తావో, చేపే నిన్ను తెస్తాదో."

"అక్క చేప నేనే కొనాలి."

బావ మేకుకున్న సంచి తీసి నా చేతికిచ్చాడు. "సరే ఎల్లు. వంటవేళకి రాకపోతే ఆకు ఖాళీగా ఉంటాది. మీ అక్క నిన్నేమీ అనదు, నన్నే తిడతాది."

నాకు ఆటిజం ఉందని డాక్టరు చెప్పేటప్పటికి నలభైకి దగ్గర పడ్డాను. "దీనికో పేరు కూడా ఉందా? నేనింకా పొగరనుకున్నాను," అంది అక్క. బజారులో అందరికీ కొన్ని చప్పుళ్లు దగ్గరగా, కొన్ని దూరంగా వినిపిస్తాయట. నాకు అన్నీ ఒకే దూరంలో ఉంటాయి. ఆటో హారను, ఐసు కొట్టే సుత్తి, బేరాలు, మైకు, అన్నీ చెవి పక్కనే. వాటికి చేపల వాసన, తడి మోచేతులు తోడైతే ముందు మాట పోతుంది, తరవాత దారి తెలియదు.

మా నాన్న గూడ్సు బండి గార్డు. ఇంట్లో అన్నం పిలుపు కూడా లైన్ క్లియర్ అనే. అందుకే అక్క ఒక వైపు ఎరుపు, ఒక వైపు పచ్చ గుడ్డ వేసి సంచి కుట్టింది. నేను బట్టల కొట్టు మలుపులో నిలబడేవాణ్ణి. తను ముందు చేపల వరసలోకి వెళ్లి, రద్దీ చూసి, సంచి ఎత్తేది. పచ్చ కనిపిస్తే నేను కదిలేవాణ్ణి.

ఒకసారి పాలకూర వాడిపోయిందని దెబ్బలాడుతూ ఆ కట్టనే పైకెత్తింది. నేను పచ్చ చూసి నడిచి, తిన్నగా పెళ్లి బ్యాండు మధ్యలోకి వెళ్లాను. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా నాకు మాట రాలేదు. అక్క ఆ కూర వండి, "తిను, నీ సిగ్నలే ఇది," అంది.

ఆ ఆదివారం సంచి నా చేతిలోనే ఉంది. చెవుల్లో దూది, నెత్తిన టోపీ. మలుపులో నిలబడ్డాను. ముందు వెళ్లి సంచి ఎత్తేవాళ్లు లేరు. ఎంతకీ కాలు కదల్లేదు. వెనక్కి తిరిగితే రోడ్డవతల, రిక్షాల పక్కన, బావ. దొరికిపోయానని తెలిసి, మెడలోని ఎర్ర గమ్‌ఛా తువ్వాలు తీసి ఊపడం మొదలుపెట్టాడు. నేను ఆగాను. ఇంకా గట్టిగా ఊపాడు. నేను ఇంకా ఆగాను. చివరికి రోడ్డు దాటి వచ్చాడు.

"ఏట్రా, ఊపుతుంటే కదలవేటి?"

"ఎర్రది ఊపితే ఎవరు కదుల్తారు బావా?"

బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఆగి ఉన్న పెట్టెల కిందే సర్వీసంతా గడిచింది. గమ్‌ఛా వైపు చూసి చంకలో కుక్కుకున్నాడు. "గార్డు గారు పిల్లనిచ్చారు గాని రూల్సు చెప్పనేదు. ఎల్లు, నేనిక్కడే ఉంటాను."

ఎలాగూ ఆయనకి సిగ్నల్ ఇవ్వడం రాదని తేలిపోయింది కాబట్టి నేనే వెళ్లాను. ఎవరి ముఖమూ చూడకుండా, వరుస చివర ఉన్న తక్కెడ ఒక్కదాన్నే చూస్తూ నడిచాను. అక్క ఎప్పుడూ కొనే కొట్టు అదే.

"దీదీ రాలేదా?" అన్నాడు చేపలమ్మే బెంగాలీ దాదా. ఆయనకి అక్క దీదీ.

జవాబు తెలుసు. నోరు పెగల్లేదు. వేలితో ఇలిశని చూపించాను. "తమ్ముడు బేరం కూడా ఆడడు, మంచి గిరాకీ," అని నవ్వి కోసిచ్చాడు. అక్క సంగతి ఆయనకి పై వారం చెప్పాను.

బావ చెప్పిన చోటే ఉన్నాడు. సంచి తెరిచి చూసి, "మీ అక్కైతే ఇంకొంచెం పెద్దది తెచ్చును," అన్నాడు. వంటవేళకి ఇంట్లో ఉన్నాం. ఆకులో చేప పడింది.

ఆ తరవాత కొన్ని ఆదివారాలు ఆయన మలుపులోని టీ కొట్టులో కూర్చుని, నేను వచ్చేదాకా పేపరు చదివేవాడు. అది బెంగాలీ పేపరు. ఆయనకి బెంగాలీ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. 

ఇప్పుడు బావ బజారుకి నా వెనకాల రావడం లేదు. ఇంట్లోనే కూర్చుని, నేను తెచ్చిన చేప చూసి చిన్నదంటాడు.