గోడ మీది పిడికిళ్లు

మా కృష్ణానగర్ సందులో అందరూ మేస్త్రి అని పిలిచే పెద్దాయన పోయిన నెల కన్నుమూశారు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో సెట్టింగులకు ప్లాస్టరుతో స్తంభాలు, విగ్రహాలు పోతపోసేవారు. షూటింగ్ అవగానే వాటిని పగలగొట్టేస్తారు. అందుకు ఆయన ఏనాడూ బాధపడగా చూడలేదు.

ఎనభైల్లో నేను జూనియర్ ఆర్టిస్టుని. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఆరేళ్ల కూతురితో మేస్త్రి పక్క గదిలో అద్దెకుండేదాన్ని. పొద్దుటి నుంచి మేకప్‌తో ఎండలో నిలబడితే, అసిస్టెంటు డైరెక్టరు వచ్చి "ఈ ముఖం వద్దు, వెనక్కి పో" అనేవాడు. నోరెత్తితే మర్నాడు పిలుపు ఉండదు. ఆ కోపమంతా ఇంటికి తెచ్చి పిల్లని కొట్టేదాన్ని. అన్నం పారబోసిందనో, జడ విప్పుకుందనో, ఏదో వంక. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఒక సాయంత్రం మేస్త్రి తలుపు తట్టారు. తిడతారనుకున్నాను.

"బిడ్డా, జర ఇటు రా" అని పెరట్లోని తన షెడ్డులోకి తీసుకెళ్లి, బల్ల మీద పరిచిన తడి బంకమట్టి చూపించారు. "పోరిని కొడితే ఏమొస్తది? గీడ కొట్టు."

గుద్దాను. మోచేతి దాకా మట్టి. ఆయన అడిగిందీ లేదు, ఓదార్చిందీ లేదు. నేను ఏడ్చి కళ్లు తుడుచుకునేలోపు ఆ గుంటలో ప్లాస్టరు పోసేశారు.

మర్నాటికి నా పిడికిలి అచ్చు ఆయన షెడ్డు గోడకెక్కింది. అప్పటికే అక్కడ ఇరవై దాకా ఉన్నాయి. ఫైటర్లవి, డాన్సర్లవి, లైట్లు మోసేవాళ్లవి. ఏది ఎవరిదో మేస్త్రి చెప్పరు. వచ్చినవాళ్లు ఏదో ఒకదాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. ఓసారి ఒక ఫైటరు నా దాని మీద చెయ్యి పెట్టి, "ఎవరిదో గాని, బాగా మండినట్టుంది" అన్నాడు.

"నాదేనండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మట్టిని గుద్దిన రోజు సెట్లో జరిగింది మొదటిసారి ఒకరికి చెప్పుకున్నాను.

"కోపం ఒక్కల దగ్గరుంటే ఖరాబైతది బిడ్డా. నలుగురు ముట్టుకోవాలె" అనేవారు మేస్త్రి.

పిల్లని కొట్టడం ఆ రోజుతోనే ఆగిందంటే అబద్ధం. తగ్గింది, తర్వాత ఆగింది. ఆ పుణ్యం ఆయనదే.

ఆయన పోయిన పదకొండో రోజున నేనూ, మా అమ్మాయీ ఆ షెడ్డు సర్దడానికి వెళ్లాం. తను ఇప్పుడు కాలేజీలో లెక్చరరు. మూలనున్న ప్లాస్టరు బస్తాలు జరిపితే, గోడ అడుగున ఒక చిన్న పిడికిలి కనిపించింది.

"ఎవరి పిల్లదో పాపం" అన్నాను.

"నాదేనమ్మా. నువ్వు షూటింగ్‌కి వెళ్లినప్పుడు తాతే మట్టి పెట్టాడు."

ఎవరి మీద కోపమని అడగలేదు. నేల మీద కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టాను. మొత్తం నా చేతిలో ఇమిడిపోయింది.