లచ్చవ్వ పేరు మోసిన బావ

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా బావ, అంటే నా భార్యకు అన్న, పోయాడు. సౌదీలో, అల్ ఖోబర్‌లో ఇరవై ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. టైల్స్ పని నాకు నేర్పింది ఆయనే. వేలిముద్ర వేసేవాణ్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిందీ ఆయనే. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. తప్పులుంటే మీరే సరిచేసుకోండి. నేను బతిమాలను.

బావ పాస్‌పోర్టులో పేరు మధ్యన లచ్చవ్వ అని ఉంటుంది. అది వాళ్ల నాయనమ్మ పేరు. ఆ ఇంటి ఆడవాళ్లకు తరతరాలుగా వస్తున్న పేరు. మోసిన మనిషి కాటికి చేరేలోపు దాన్ని ఇంకొకరికి అప్పజెప్పాలని వాళ్ల పద్ధతి. ముసలామె పోయిననాడు ఇంట్లో ఆడపిల్ల లేదు. పదిరోజుల మగపిల్లాడున్నాడు. వాడికే పెట్టారు. ఆ పిల్లాడే మా బావ.

సౌదీలో మధ్యపేరంటే తండ్రిపేరు. "మీ నాయిన లచ్చవ్వ మంచిగున్నడా?" అని గదిలో అందరం ఏడిపించేవాళ్లం. నేనైతే, "మూతికి ఇంత మీసం పెట్టుకొని లచ్చవ్వ ఏంది బావా, సిగ్గు లేదా?" అనేవాణ్ని.

ఆయన నవ్వేవాడు. "నవ్వుకోర్రి. పేరుకు మనిషి దొరక్కుంటే, అదే మనిషిని ఎతుక్కుంట తిరుగుతది."

తిండి ముందు కూర్చుంటే మొదటి ముద్ద పక్కకు తీసి, "లచ్చవ్వా, తిను" అని తన పేరు తానే పిలిచేవాడు. ఒకసారి ధహ్రాన్‌లో కొత్త విల్లా పని. గదంతా సిమెంటు పొడి. టైలు ముక్క మీద పెట్టిన ముద్ద మేం తిని లేచేసరికి లేదు. "పిల్లి తిన్నది పో" అన్నాను. బావ నేల చూపించాడు. పొడి మీద మా చెప్పుల గుర్తులు తప్ప ఏమీ లేవు.

ఆయనకు పిల్లల్లేరు. పోవడానికి నెల ముందు, ఇక్కడే, నా కొడుక్కి కొడుకు పుట్టాడు. బావ అప్పటికే ఊపిరందక ఆసుపత్రిలో ఉన్నాడు.

"పోరనికి నడుమ లచ్చవ్వ అని పెట్టుర్రి" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

నా మనవడికి ఆడపేరా? రోషం అడ్డమొచ్చింది. "పెట్టినం బావా, పాస్‌పోర్టు ఫారంల రాసినం" అని అబద్ధం చెప్పాను.

"అయితే పట్టుకరా, సూస్త."

తీసుకెళ్లాం. మాస్కు పక్కకు జరిపి, "లచ్చవ్వా" అని పిలిచాడు. పిల్లాడు కదలలేదు.

"పెట్టలే గదా" అన్నాడు నన్ను చూసి. "పెడితే పలుకుతుండె."

కోపం లేదు ఆ మాటలో. మూడో రోజుకు పోయాడు.

కాగితాలన్నీ కుదిరి శవం ఊరికి వెళ్లడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గదిలో కూరగాయలు తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో ఉండగా, ఎవరో పిలిచినట్టు గదిలో మిగిలిన ముగ్గురం ఒకేసారి తల తిప్పేవాళ్లం. అటు గోడ ఉండేది. ఎవరి పేరు విన్నామో ఎవరమూ చెప్పుకోలేదు.

రేపు శవానికి విమానం, ఎల్లుండికి బావ కాటికి చేరతాడనగా కొడుకింటికి వెళ్లాను. "నడువు, పాస్‌పోర్టు ఆఫీసుకు. ఫారం ఇంక ఇయ్యలేదు గదా, మామ అడిగిన పేరు రాయి."

"బాపూ, రేపు బడికి పోతే నవ్వుతరే వీన్ని."

"నవ్వనీ. మేం నవ్వలేదా? మీ మామకు ఏం తక్కువైంది?"

కౌంటరు ముందు నేను, కొడుకు, కోడలు కూర్చున్నాం. గుమస్తా ఫారం చూసి, "లడ్కీ హై క్యా?" అన్నాడు.

"లడ్కా. జైసా లిఖా, వైసా రఖో" అన్నాను. రాసింది రాసినట్టే ఉంచమని గట్టిగానే అన్నాను.

సరిచూసుకోవడానికి గుమస్తా పిల్లాడి పూర్తి పేరు పైకి చదివాడు. లచ్చవ్వ అన్న మాట రాగానే కోడలి ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడు కళ్లు తెరిచాడు. ఇంకా మెడ నిలవని పిల్లాడు, మెడ తిప్పి నా పక్క కుర్చీ వైపు చూశాడు. మేం వచ్చినప్పటి నుంచి అందులో ఎవరూ కూర్చోలేదు. నేనూ చూశాను.

రెగ్జిన్ సీటు నడుమ లోతుగా గుంట పడి ఉంది. అది మెల్లగా, చాలా మెల్లగా, పైకి ఉబికి వస్తోంది.