లైసెన్స్ రాకముందు విన్న గొంతు

పరీక్ష పాసయ్యాక కూడా లైసెన్స్ చేతికి రావడానికి నెలలు పట్టింది. సరదాకి సొంత సెట్టుతో గాల్లో మాట్లాడుకునే ఈ అమెచ్యూర్ రేడియోలో అది మామూలేనని మా సార్ అన్నారు. చందానగర్‌లో ఉండే పెద్దాయన. రిటైరయ్యాక నాలాంటివాళ్ళకు రేడియో నిబంధనలు నేర్పేవారు.

"ఈలోగా వినమ్మా, ఎంతైనా విను. నోరు మాత్రం తెరవకు. లైసెన్స్ లేకుండా ఒక్క మాట గాల్లోకి పంపినా నేరమే."

నేను నోరు తెరిచినా గాల్లోకి పోయేదేమీ లేదు. నా దగ్గరున్నది వినడానికి మాత్రమే పనికొచ్చే చిన్న రిసీవర్. నానక్‌రామ్‌గూడలో మా కిరాయి ఫ్లాట్ బాల్కనీకి రాగితీగ కట్టి, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, మీటింగుల మధ్య దాన్ని తిప్పుతూ ఉండేదాన్ని. చుట్టూ ఉన్న టవర్ల లిఫ్టుల వల్ల ఎక్కువగా గరగరే వినిపించేది.

ఒక మధ్యాహ్నం ఆ గరగరలోంచి ఓ ముసలాయన గొంతు తేటగా వచ్చింది. తన కాల్‌సైన్ చెప్పి, ఎవరైనా ఉన్నారా అని పిలిచాడు. కాల్‌సైన్ అంటే లైసెన్స్‌తో పాటు ప్రభుత్వం ఇచ్చే గుర్తు. అది ఒక మనిషికే. ఆయన మధ్యలో చిన్నగా దగ్గాడు, ఆగాడు, మళ్ళీ పిలిచాడు. ఎవరూ పలకలేదు.

మర్నాడూ అదే వేళకు పిలిచాడు. ఆ మర్నాడూ అంతే. నాకు జాలేసింది. "వినపడుతోంది తాతా. కానీ నేను మాట్లాడకూడదంట" అన్నాను, గదిలో ఒక్కదాన్నే, రిసీవర్ వైపు చూస్తూ. తర్వాత అదో అలవాటైంది. ఆయన పిలిచేవాడు, నేను ఉత్తి గదిలో జవాబిచ్చేదాన్ని.

కొన్నాళ్ళకు ఒకటి గమనించాను. దగ్గు ప్రతిసారీ ఒకే మాట దగ్గర వస్తోంది. దాని వెనకాలే ఎక్కడో కుక్కర్ విజిల్ మొదలై సగంలో తెగిపోతోంది. రోజూ అదే సగం విజిల్.

సార్‌కి ఫోన్ చేసి కాల్‌సైన్ చెప్పాను.

"మళ్ళీ చెప్పమ్మా."

చెప్పాను.

"వాడు నా స్నేహితుడు. పోయి ఏడాది దాటింది. పాడె నేనూ మోశాను."

మర్నాడు ఇద్దరం నిజాంపేట వెళ్ళాం. హాస్టళ్ళ సందులో పాత రెండంతస్తుల ఇల్లు. పైన యాంటెన్నా తీగ ఇంకా వేలాడుతోంది. ఆయన భార్య తలుపు తీసింది.

"రా తమ్మీ, శాన దినాలైంది" అని సార్‌ని పిలిచింది.

నేను "నమస్తే అమ్మా" అన్నాను.

ఆమె గిర్రున నా వైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా బిడ్డా! మాట్లాడకూడదంట తాతా అంటవు గదా రోజూ? ఎవలు వద్దన్నరు నిన్ను?"

ఆ మాట నా గదిలో గోడలు తప్ప ఇంకెవరూ వినలేదు.

లోపల టేబుల్ మీద ఆయన రేడియో సెట్టు వెలుగుతోంది. ఆమె ఒక మీట చూపించింది. "పొయ్యేముంగట చెప్పిండు. ఇది ఒత్తితే నా గొంతు గాల్లకు పోతది, ఎవలన్న పలుకుతరు అన్నడు. పన్జేసుకున్నంక రోజూ ఒత్తుతున్న. ఈ పిల్ల జవాబు ఇండ్లనే ఇనవడుతది."

ఆయన బతికుండగా సెట్టులో రికార్డు చేసి పెట్టుకున్న పిలుపు అది. సార్ ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు. "కాల్‌సైన్ మనిషితోనే పోతుంది వదినా. ఆయన పేరు మీద ఇంకెవరూ పిలవకూడదండి."

"గట్లనా? ఇగ ఒత్తను. పిల్ల పలికింది గదా, నాకేం ఫికర్ లేదు" అని ఆమే లేచి స్విచ్ ఆపేసింది. మాకు చాయ్ పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు సార్ నేరుగా మా ఫ్లాట్‌కి వచ్చారు. రిసీవర్ మూత విప్పి, మీటర్ పెట్టి, తీగ చివరిదాకా చూశారు. అందులోంచి గొంతు బయటికి పోయే దారే లేదు. మూత బిగిస్తూ అన్నారు: "నిబంధనలన్నీ నాకు కంఠస్థమే. దీనికి మాత్రం ఏ నిబంధనా లేదమ్మా."

చలికాలంలో లైసెన్స్ వచ్చింది. లైసెన్స్ ఉన్నవాళ్ళకే సెట్టు ఇవ్వాలి కాబట్టి ఆమె దాన్ని నాకిచ్చింది. "ఆయన గొంతు చెరపకు బిడ్డా. ఒత్తకు గూడ" అంది. రెండూ పాటించాను.

మొదటిసారి నా సొంత కాల్‌సైన్‌తో పిలిచినప్పుడు విజయవాడ నుంచి ఒకాయన పలికి, గొంతు బాగా వినపడుతోందన్నారు. సంతోషంగా మాట్లాడాను. మాటలయ్యాక సెట్టు ఆపి, ప్లగ్గు కూడా పీకేశాను. అలసటగా ఏదో అనబోయి, గోడల వైపు చూసి ఊరుకున్నాను. ఆ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నేనిప్పుడు మాట్లాడను.