వంతెన మీద మా లారీ

రాళ్ళ లోడుతో వెళ్తున్న మా లారీ వంతెన మీద యాక్సిల్ విరిగి ఆగిపోయిందని మా ఆయన ఫోన్ చేశాడు. గంట తిరక్కుండా పాపకు ఆయాసం ముంచుకొచ్చింది. పీల్చే మందు పని చేయలేదు. చోడవరం డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా అనకాపల్లి తీసుకుపొమ్మన్నాడు. అనకాపల్లికి దారి ఆ వంతెన మీదుగానే.

అంబులెన్సు కూడా వంతెన అవతల ట్రాఫిక్ జాములోనే ఇరుక్కుందన్నారు. దొరికిన ఆటో ఎక్కాను. వంతెన ఇంకా కనపడకముందే అంతా ఆగిపోయింది. ముందు చెరకు ట్రాక్టర్లు, వెనక బస్సులు. పాప ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

"ఎదర రాళ్ళ లారీ కూలబడిపోనాదంట. ఎవడిదో గానీ ఆడి సేతులు పడిపోను," అంది ఆటోలో పక్కనున్నావిడ. "ఆ రాళ్ళన్నీ కొత్తవలస కాడే గూడ్సు రైలుకెక్కించేస్తామని క్వారీవోళ్ళంటే లారీలోళ్ళే పడనివ్వట్లేదంట. ఆళ్ళ కడుపు నిండితే సాలు."

పడనివ్వని వాళ్ళలో మా ఆయనే ముందున్నాడు. ముందురోజు అన్నాల దగ్గర, "రైలుకెక్కించేస్తే మనమేటి తింటాం?" అని ఆయన్ని ఎగదోసింది నేనే. నోరుగల మనిషినని వీధిలో నాకు పేరు. ఆ పూట మాత్రం లారీ మాదని ఒప్పుకోకుండా పాపను దగ్గరికి లాక్కున్నాను. పాప పెదాలు నల్లబడుతున్నాయి.

పాపను భుజాన వేసుకుని దిగిపోయాను. బళ్ళ సందుల్లో పడి పరుగెత్తాను. వంతెన మొదట్లోనే మా లారీ వెనక భాగం కనిపించింది. కొన్నరోజున రాయించిన పాప పేరు దాని మీద ఎర్రగా ఉంది. మా ఆయన్ని చుట్టూ నిలబడి తిడుతున్నారు. నన్ను చూసి ఆయన పాపను అందుకుని పరుగు తీశాడు.

"లారీ ఒగ్గేసి పారిపోతన్నాడు, పట్టుకోండ్రా," అని ఎవరో అరిచారు.

"ఆ లారీ మాదే బాబూ. పిల్లకి ఊపిరందట్లేదు, తప్పుకోండి," అన్నాను వెనకే పరుగెత్తుతూ.

తప్పుకున్నారు. అంతవరకూ తిట్టినాయనే వంతెన అవతలున్న తన బైకు మీద తండ్రినీ పాపనూ ఎక్కించుకుపోయాడు. వాళ్ళు ఆస్పత్రికి చేరారన్న కబురు అందేదాకా అనకాపల్లి వైపు నడుస్తూనే ఉన్నాను.

సాయంత్రానికి పాప బిస్కట్ అడిగింది. అప్పుడు ఏడ్చాను.

తర్వాతి వారం లారీల వాళ్ళ మీటింగు. రాళ్ళు గూడ్సుకి పోకూడదనే వాళ్ళంతా చేతులెత్తాలి. రాళ్ళు రైలెక్కితే మా లారీకి పనుండదని మా ఇద్దరికీ తెలుసు. మీటింగుకి ఆయన పాపను చంకనేసుకుని వెళ్ళాడు. పాపనెందుకు తీసుకెళ్ళాడో నాకు అర్థం కాలేదు. తిరిగి రాగానే గుమ్మంలోనే ఆపాను.

"సెయ్యెత్తేరా?"

ఆయన నిద్రపోతున్న పాపను జాగ్రత్తగా నా భుజం మీదకు మార్చాడు.

"రెండు సేతుల్తోటీ గుంటని పట్టుకున్నాను కదే. ఇంకే సెయ్యెత్తమంటావు?"