భోజన్న రాసిన ఉప్పునీళ్ల ముచ్చట

భోజన్నతోని ఒకే రూంల ఏడేండ్ల సంది ఉంటున్న. గల్ఫుల, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌ల ఆయనది గోదాం పని, నాది బయట కంటైనర్ల కాడ, ఎండల. భోజన్న ఏడో తరగతిల బడి బందువెట్టిన మనిషి. యాభై దాటినంక గుడ సెలవు దినం మేం బట్టలు పిండుకుంటుంటే, ఆయన మంచం మీద కూసొని ఫోన్ల బ్లాగు రాస్తడు. ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీల నీళ్లెట్ల పోయాలె, అరబ్బీ అంకెలెట్ల సదవాలె, అన్నీ గా బ్లాగులనే. తెల్వంది ఎవలనన్న అడుగుడు, చేసి సూసుడు, రాసుడు.

"రాస్తెనే నాకు సమజైతది తమ్మీ" అంటడు. నాకైతే యాష్టకొచ్చేది. పన్నెండు గంటలు పనిజేసొచ్చినోనికి ఇంకా సదువేందుల్లా?

మొన్న ఎండకాలంల రాసిండు: "చెమట మస్తు పోతే ఓఆర్‌ఎస్ పొట్లం సీసల కలుపుకొని తాగుండ్రి." ఆయన సీస లీటరుది, ఇంటికాంచి తెచ్చుకున్నది. సైట్లల్ల మాకిచ్చేటియి అర్ధలీటరువి.

పది దినాలకు కల్బా ఊరి నుంచి భోజన్నకు ఫోనొచ్చింది. అక్కడ బిల్డింగు పని చేసే భూమేశ్, బ్లాగు సదివేటోడు. అర్ధలీటరు సీసకు ఒక పొట్లం లెక్కన దినాం నాలుగు సీసలు తాగిండట, ఉప్పు రెండింతలాయె. కక్కి కక్కి పడిపోతే దవాఖానల ఏసిండ్రు. ఇప్పుడు మంచిగనే ఉన్నడు.

భోజన్న ఫోను మంచం మీద పడేసిండు. "ఖలాస్. ఇగ రాయ. పదేండ్ల రాత మొత్తం తీసేస్త. ఏడో తరగతోనికి ఎందుకీ పని?"

ఆయన మొఖం సూడలేకపోయిన. ఎందుకంటే ఆ నీళ్లు నేనూ తాగిన, గా అర్ధలీటరు సీసలనే. నోరంత ఉప్పయింది, కడుపుల తిప్పింది. సైట్ల అందరితోని చెప్పి నవ్విన గని, రూంలకొచ్చి ఆయనకొక్క మాట చెప్పలే. అలిసిపోయి పన్న.

"అన్నా, నాకు ముందే ఎర్క. గా నీళ్లు నేనూ తాగిన" అన్న.

తిడ్తడనుకున్న. మంచం మీది ఫోను తీసి నా చేతుల వెట్టిండు. "అయితే గదే బ్లాగుల, నా మాట కింద రాయి. సీస ఎంతదో, కడుపుల ఏమైందో."

"నాకు రాయొస్తదానే?"

"నాకొచ్చిందా?"

పొట్లానికి లీటరు నీళ్లని ఆయన పైన దిద్దిండు. పాత మాట మాత్రం తీయలే. కింద నేను నాలుగు వరుసలు రాసేటాలకు పొద్దూకింది, కండ్లు మండినయి. ఆఖర్న "భూమేశ్, నేను చెప్పుంటే నువ్వు పడకపోతుంటివి" అని రాసిన. భోజన్న సదివి, ఒక్క అక్షరం గుడ దిద్దకుంట బ్లాగుల ఎక్కిచ్చిండు.