ఆడకుండా మిగిలిపోయిన ఆట

నా చిన్నప్పుడు మా పక్కింట్లో శనివారం సాయంత్రం ఫోన్ మోగితే ఎవరూ ఎత్తేవారు కాదు. అందరూ బొమ్మల్లా కూర్చుని ఎన్నిసార్లు మోగిందో వినేవారు. అది ఆగిపోయాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. కొత్తవాళ్ళు చూస్తే వీళ్ళకేమైనా పిచ్చా అనుకుంటారు గానీ, మాకది వింత కాదు. ఆ రోజుల్లో ఖతర్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ విద్య వచ్చు. ఎత్తితే డబ్బు పడుతుందని, కాకినాడ నించి మా అమ్మమ్మ ప్రతి శుక్రవారం ఒక్క రింగిచ్చి పెట్టేసేది. అందరూ కులాసా అని దానర్థం. ఆ ఒక్క రింగు కోసం మా అమ్మ పొద్దున్నే తలంటుకుని, జుట్టు తుడుచుకుంటూ ఫోన్ పక్కన కూర్చునేది. మోగి ఆగిపోగానే "హమ్మయ్య, బాగున్నారు" అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళు కారు, రష్యావాళ్ళు. మేముండేది అల్ ఖోర్‌లో, గ్యాస్ కంపెనీ ఇచ్చిన క్వార్టర్లలో. వాళ్ళ గోడా మా గోడా ఒకటే. మా నాన్నా, ఆ ఇంటి అంకులూ ఒకే ప్లాంటులో డ్యూటీ. అంకుల్ అంతకు ముందు విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు భార్యతో సహా కొన్నేళ్ళు అక్కడే ఉన్నాడట. అందుకని ఆంటీకి తెలుగు వచ్చేసింది. ఏదో నమస్కారం చెప్పే తెలుగు కాదు, వంకాయలు బేరమాడి కొనుక్కున్న తెలుగు. ఎర్రజుట్టు మనిషి "ఏటమ్మా, ఎండకి మాడిపోతన్నావ్, లోపలికి రా" అంటుంటే మా అమ్మ మురిసిపోయేది. రింగుల విద్య ఆంటీకి నేర్పింది మా అమ్మే.

ఆ ఇంట్లో ఆంటీ మామగారు కూడా ఉండేవాడు. మేం పిల్లలమంతా రష్యా తాత అనేవాళ్ళం. భార్య పోయాక కొడుకు తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. తాటిచెట్టంత మనిషి. చేతి వేళ్ళు మాత్రం ఒక్కోటీ ఒక్కో దిక్కు చూసేవి. ఆయన తన ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. బంతులు పట్టీ పట్టీ విరిగి, అతుక్కుని, మళ్ళీ విరిగిన వేళ్ళవి. మా వీధి మగపిల్లలు నన్ను ఆటలోకి రానిచ్చేవారు కాదు. తాత అది చూసి, సాయంత్రాలు నన్ను గోడ ముందు నిలబెట్టి బంతి విసిరేవాడు. మా అమ్మ విసిరే గరిటెలు పట్టుకున్న అలవాటేమో, నేను బాగానే పట్టేదాన్ని. ఆయన సంబరం చూడాలి!

ఎండ తగ్గాక మెట్ల మీద కూర్చుని తన జట్టు కథ చెప్పేవాడు. ఆంటీ బంగాళాదుంపలు తరుగుతూ మాకు తెలుగులో చెప్పేది. వాళ్ళది వోల్గా నది ఒడ్డున ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. మొదట్లో జట్టంటూ ఏమీ లేదట, షిఫ్టు దిగిన పనివాళ్ళు గూడ్సు పట్టాల పక్కన ఆడుకునేవారట. జెర్సీలకి రంగు గుడ్డ దొరక్కపోతే, ఇనుముకి పూసే ఎర్రమట్టి రంగు నీళ్ళలో కలిపి తెల్ల బనీన్లు ముంచుకున్నారట. చెమట పడితే ఆ రంగు ఒంటికి దిగేది. ఊళ్ళో అందరూ "రంగు కారేవాళ్ళు" అని వెక్కిరించేవారు, చివరికి ఆ వెక్కిరింపే జట్టు ముద్దుపేరైంది. తర్వాత యుద్ధం వచ్చింది. జట్టుకి జట్టు తుపాకులు పట్టుకుని వెళ్ళిపోయింది. తిరిగొచ్చింది కొందరే. ఆ కొందరే మైదానంలో బాంబు గుంటలు పూడ్చి మళ్ళీ ఆట మొదలుపెట్టారు. కాలు పోయినవాళ్ళు కూర్చుని రాళ్ళు ఏరిపెట్టారట. అప్పుడు తాత ఇంకా కుర్రాడు. ఆయన పెద్దవాడై గోల్‌లో నిలబడ్డాక ఒక ఏడాది రాజధాని నించి వచ్చిన పెద్ద జట్టుని ఓడించారు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ ఆపకుండా మోగించారట. ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో! ప్రతిసారీ ఆంటీ ఆయనకి తెలియకుండా "మళ్ళీ మొదలెట్టారు" అని తెలుగులో విసుక్కుంటూనే, ఒక్క ముక్క వదలకుండా చెప్పేది.

నేనెరిగేనాటికి ఆ జట్టుకి మంచిరోజులు పోయాయి. ఆ దేశం ముక్కలైంది, ఫ్యాక్టరీ కొలుములు చల్లారాయి. ఆటగాళ్ళకి జీతం బదులు పంచదార బస్తాలు ఇచ్చేవారట. కాస్త ఆడగలిగినవాళ్ళు తలో ఊరూ వెళ్ళిపోయారు. ఏటేటా ఒక్కో మెట్టు దిగి, పత్రికల్లో పేరు కూడా రాని చోటికి చేరింది జట్టు. తాతతో కలిసి ఆడిన స్నేహితుడొకాయన ఆ మైదానానికి కాపలా ఉండేవాడు. ఆయన కూతురు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. శనివారం మ్యాచ్ అవగానే ఆయన ఖతర్‌కి రింగులిచ్చేవాడు. ఒక రింగైతే ఓడిపోయినట్టు, రెండైతే సమానం, మూడైతే గెలిచినట్టు.

చాలా శనివారాలు ఒక్క రింగే. తాత భుజాలెగరేసి "అక్కడ వానేమో" అనేవాడు. ఎప్పుడో ఒకసారి మూడు మోగితే మాత్రం నన్ను ఎత్తి గిరగిరా తిప్పేవాడు. ఓడినా గెలిచినా ఆ మోత మాత్రం కావాలి ఆయనకి. అది మోగిందంటే జట్టు బతికే ఉందన్నమాట. మా అమ్మకి శుక్రవారం ఎలాగో ఆయనకి శనివారం అలాగ.

చలికాలం మొదట్లో ఒక శనివారం ఫోన్ మోగలేదు. లైను పోయి ఉంటుందన్నారు. తర్వాతి శనివారమూ మోగలేదు. మంచు పడి ఆట ఆగి ఉంటుందన్నారు. ఆ మధ్యలో తాత కథలు చెప్పడం మానేశాడు. బంతి విసురుతూనే చెవి ఇంట్లోకి పెట్టేవాడు. ఆ పై శనివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, ఆంటీ చేసిన క్యాబేజీ సూప్ తింటూ. ఫోన్ మోగింది. ఒకటి. రెండు. మూడు! నేను చెంచా పడేసి లేచి గంతేశాను. కానీ అది ఆగలేదు. మోగుతూనే ఉంది. రింగుల్లో ఇమడని మాటేదో చెప్పాలన్నమాట. తాత ఫోన్ పక్కనే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందుతుంది. ఎన్ని బంతులు పట్టిన చేతులో! ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. ఆఖరికి ఆంటీయే చెయ్యి తుడుచుకుని వచ్చి ఎత్తింది.

జట్టుని ఎత్తేశారు. ఫ్యాక్టరీవాళ్ళు ఇక నడపలేమని కాగితం మీద సంతకం పెట్టేసి, మైదానానికి తాళం వేశారు. ఆ ఏడాది ఆటల్లో ఇంకొకటి మిగిలే ఉంది. ఊళ్ళో అందరూ వచ్చి వీడ్కోలు చెప్పుకునే ఆట. అది కూడా ఆడనివ్వలేదట. తాత ఆ ఒక్క సంగతే మళ్ళీ మళ్ళీ అడిగాడు. పోయినందుకు కాదు, ఆడనివ్వకుండా పంపేశారే అని ఆయన బాధ. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మర్నాడు వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. ఆంటీ కూడా మంచం ఎక్కింది. మా అమ్మ అన్నం, పప్పుచారు, బంగాళాదుంపల వేపుడు వండి క్యారియర్ సర్దింది. తీపి పెట్టలేదు, పోపులో ఇంగువ కూడా తగ్గించింది. చావు జరిగిన ఇంటికి పంపే భోజనం అది. మా నాన్న చూసి నవ్వాడు. "ఫుట్‌బాల్ టీమ్ పోతే మైల పాటిస్తారుటే, ఎక్కడైనా విన్నామా?" అన్నాడు.

"పోయింది ఏదైతేనేం, ఆయనకి ముద్ద దిగట్లేదు కదా. నవ్వకండి, నాకు ఒళ్ళు మండుతుంది" అంది అమ్మ.

నాన్న మళ్ళీ నవ్వలేదు. అలా వారం రోజులూ క్యారియర్ వెళ్ళింది. ఒకరోజు ఖాళీ క్యారియర్ పట్టుకుని తాతే స్వయంగా వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. ఆంటీ వెనకే వచ్చి, ఆయన అడిగినదాన్ని తెలుగులో చెప్పింది. ఆ మిగిలిపోయిన ఆట ఇక్కడ ఆడాలనుకుంటున్నాడట. పిల్లలు కావాలి. బనీన్లు కావాలి. మా అమ్మ అరనిమిషం కూడా ఆలోచించలేదు. వీధిలో ఉన్న మలయాళం పిల్లలవీ, సూడాన్ పిల్లలవీ, మావీ తెల్ల బనీన్లన్నీ పోగేసి, పెద్ద డేగిసాలో టీ డికాక్షన్ కాచి అందులో ఉడకబెట్టింది. ఎర్రమట్టి రంగు కాదు గానీ, దానికి చుట్టమే. ఇల్లంతా టీకొట్టు వాసన.

శుక్రవారం మధ్యాహ్నం క్వార్టర్ల వెనక ఉప్పునేల మీద ఆట. కంపెనీ బస్సు నడిపే అన్న ఒకడుండేవాడు, నిజామాబాద్ వైపు మనిషి. సైటు నించి జిప్సం పొడి తెచ్చి గీతలు గీశాడు. "ఏం ఆటనో నాకెర్కలే అక్కా, గని ముసలాయన మొఖం చూస్తే పానం ఆగలే" అన్నాడు మా అమ్మతో. అవతలి జట్టు వెనకవీధి ఈజిప్టు పిల్లలు, బాగా ఆడేవాళ్ళు. తాత మాలో ఒక్కొక్కళ్ళ భుజం మీద చెయ్యేసి, ఒక్కో పాత ఆటగాడి పేరు పెట్టాడు. నువ్వు యుద్ధం నించి రానివాడివి. నువ్వు రాళ్ళు ఏరినవాడివి. నా దగ్గరికొచ్చి ఏ పేరూ పెట్టలేదు. తన పాత ఉన్ని చేతితొడుగులు తీసి నా చేతులకి తొడిగాడు. అవి నా మోచేతుల దాకా వచ్చాయి.

మొదలుపెట్టే ముందు ఆయన అందరినీ నేల మీద కూర్చోమన్నాడు. దూరప్రయాణానికి ముందు వాళ్ళు అలా మాట్లాడకుండా కాసేపు కూర్చుంటారట, ఇంట్లో ఎవరు బయల్దేరినా సరే. అది వినగానే మా అమ్మ ఇంట్లోకి పరిగెత్తి మంచినీళ్ళ చెంబు తెచ్చింది. మనకీ అంతే కదా, తుమ్ము వినిపిస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి కదలమంటారు. తాత కూర్చుని ఆ నీళ్ళు తాగాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మాలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆట బాగానే ఆడాం. చాలాసేపు చెరొక గోలుతో సమానంగా ఉన్నాం. నేను రెండుమూడు బంతులు ఆపేసరికి నాకే గర్వం వచ్చేసింది. ఇక తాత ఈల వేస్తాడనగా, ఈజిప్టు పిల్లాడొకడు దూరం నించి తన్నాడు. బంతి ఆ పెద్ద తొడుగుల మధ్య నించి జారి వెనక్కి పోయింది. వల లేదు కదా, ఉప్పునేల మీద దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది. అవతలివాళ్ళు గెంతులు. మా వాళ్ళు "ఖలాస్" అని కూలబడ్డారు. నేను భోరుమన్నాను. తాత జట్టు ఆఖరి ఆట నావల్ల పోయిందే అని.

తాత ఈల వెయ్యలేదు. నా దగ్గరికొచ్చి కళ్ళు తుడిచి, ఆ బంతి వైపు చూపించాడు. ఇద్దరం నడిచాం. ఆంటీ మా పక్కనే నడుస్తూ ఆయన మాటలు చెప్పింది. "గోలు పడ్డాక లోపల్నించి బంతి తీసేది కీపరే. తన్నినవాడు సంబరంలో ఉంటాడు, మిగతావాళ్ళు తల పట్టుకుంటారు. ఎవరి చేతిలోంచి జారిందో వాళ్ళే తెచ్చి మధ్యలో పెట్టాలి, ఏడుస్తూనైనా సరే. అలా పెడితేనే ఆట పూర్తయినట్టు."

నేను ఆ బంతిని పొట్టకి హత్తుకుని, ముక్కు ఎగబీలుస్తూ, మైదానం మధ్యదాకా నడిచి గీత మీద పెట్టాను. మా వాళ్ళు లేచారు. ఒక్క తన్ను తన్నారు. అప్పుడు తాత ఈల వేశాడు, చాలా పొడుగ్గా. ఊపిరి అయిపోయేదాకా వేశాడు.

చీకటి పడకముందే వాళ్ళింటికెళ్ళి ఆయన తనే ఆ స్నేహితుడి నంబరు తిప్పాడు. అటువైపు మోగడం వినిపించాక ఒక్క రింగుకే పెట్టేశాడు. ఓడిపోయాం అని. మేమంతా బనీన్లతోనే చుట్టూ నిలబడి ఉన్నాం. అటువైపు ఉన్న ఆ కాపలా మనిషికి ఏమర్థమవుతుందా అని నాకు అనుమానం. కాసేపటికి ఇటు ఫోన్ మోగింది. ఒక్కసారే. తాత తలూపాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలిగింది, క్యాబేజీ వాసన మా గోడ దాటి వచ్చింది.

ఆ వేసవికి అంకుల్ కాంట్రాక్టు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. పెట్టెల మీద అందరం మాట్లాడకుండా కూర్చున్నాం, అమ్మ మంచినీళ్ళిచ్చింది. వాళ్ళు ఊరు చేరాక మా ఇంటికి మూడు రింగులు వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు వచ్చాయి, మరి రాలేదు. తాత ఎప్పుడు పోయాడో మాకు చెప్పేవాళ్ళు లేరు.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. సెల్‌ఫోన్ వచ్చి ఇన్నేళ్ళైనా మూడు రింగులు అయ్యేదాకా ఎత్తను. మా ఆయన వెక్కిరిస్తూ ఉంటాడు. పోయిన ఏడాది అమ్మ ఇక్కడే హైదరాబాదులో ఆస్పత్రిలో ఉంటే, స్నానం చేసొద్దామని నేను ఇంటికొచ్చాను. ఫోన్ మోగింది. మూడు దాటింది, ఆగలేదు. నాకు తెలిసిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోవాలనిపించింది. ఎత్తాను.

కర్మలన్నీ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, ఇంట్లో ఎవరూ వంటింటి వైపు పోవట్లేదు. పిల్లలు ఓ మూల, మా ఆయన ఓ మూల. అమ్మ ఫోన్ ఆవిడ అలమరలోనే ఉంది. ఎందుకో రోజూ నేనే ఛార్జింగు పెడుతున్నాను. ఒక సాయంత్రం నా ఫోన్ తీసి అమ్మ నంబరు నొక్కాను. చీరల మధ్య ఒక్కసారి మోగింది. పెట్టేశాను. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చాను, మంచినీళ్ళు తాగాను. తర్వాత లేచి వెళ్ళి, పొయ్యి వెలిగించి, అందరికీ టీ పెట్టాను.