నా సవతి నాలుగు రోడ్ల కూడలి

నాకు ఒక సవతి ఉంది. మా ఇంటి ముందే ఉంటుంది. మా ఆయన పగలంతా ఆవిడ వైపే చూస్తూ కూర్చుంటారు. ఆవిడ మనిషి కాదు, నాలుగు రోడ్లు కలిసే కూడలి.

మా ఆయన దర్జీ. కింద కొట్టు, పైన ఇల్లు. కుట్టుమిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి మూల మలుపు నేరుగా కనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆ కిటికీలోంచి నా రాకపోకలే చూసేవారు. ఇది నా గొప్ప కాదు, ఆయనే ఒప్పుకున్నారు.

పోయినేడాది ఆ మలుపులో లారీ తగిలి, పక్క రొట్టెల కొట్టు పిన్నిగారి మనవరాలి కాలు విరిగింది. ఆ పిల్ల స్కూలు బట్టలు కుట్టింది ఈయనే. అప్పటినుంచి ఈయన ఆ కూడలి వలలో పడ్డారు. కుడుతూ కుడుతూ మిషను ఆపేసి రోడ్డుకేసి చూస్తారు.

"మలుపు మరీ వదులుగా ఉందే," అంటారు. "చంక వదులుగా కత్తిరిస్తే చెయ్యి ఎటుపడితే అటు ఆడుతుంది చూడు, ఇదీ అంతే. ఇంత వెడల్పుంటే లారీవాడు బ్రేకెందుకు వేస్తాడు? మూల కాస్త ముందుకు జరిపి బిగిస్తే చచ్చినట్టు నెమ్మదిస్తాడు. నడిచేవాళ్ళకి దాటాల్సిన దూరమూ తగ్గుతుంది."

"నా కోటు చేతులెప్పుడు బిగిస్తారు?" అని అడిగితే "చూద్దాంలే" అన్నారు. చలికాలం వెళ్ళిపోయింది.

మున్సిపాలిటీ ఇంజనీరు మంచివాడే. ఈయన చెప్పింది విని, "సిమెంటు పోసేముందు కొన్నాళ్ళు ఏదైనా అడ్డం పెట్టి చూద్దామండీ," అన్నాడు.

"అంటే ముందు కచ్చాకుట్టు వేసి చూడటమేగా!" అని ఈయన పొంగిపోయారు.

ఇంజనీరు తెల్ల గీత గీయించాడు. దాని వెంబడి పెట్టడానికి ఈయనకి ఏం దొరికాయనుకున్నారు? బాల్కనీలో నేను ప్రాణంగా పెంచుకున్న పూలకుండీలు. నన్ను అడిగారులెండి, అప్పటికే రెండు కుండీలు మెట్లు దించేసి.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాటికి చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అవి రోడ్డు మీదికి వెళ్ళాక, పొద్దున్నే బకెట్టు పట్టుకుని తయారు. ఆకుల మీద దుమ్ము కూడా తుడుస్తారు! పైనుంచి చూస్తూ నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. రోడ్డు మీద కుళ్ళేమిటే అని మా అక్క నవ్వింది. దానికేం, బావగారు దాని ఎదురుగా కూర్చుని భోంచేస్తారు. మా ఆయన కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి పోతారు. "చూశావా, ఆ వ్యాను ఎంత బుద్ధిగా తిరిగిందో!" అంటారు. నన్నెప్పుడైనా అంత ముద్దుగా చూశారా?

పైగా ఊళ్ళోవాళ్ళ మెచ్చుకోళ్ళు ఒకటి. పిన్నిగారైతే "మీ ఆయన దేవుడమ్మా," అంటుంది. దేవుడితో కాపురం చేస్తే తెలుస్తుంది.

ఆ రోజు నా పుట్టినరోజు. ఇద్దరం అక్కా వాళ్ళింటికి వెళ్ళాలి. నేను తయారై కిందికి దిగేసరికి ఈయన రోడ్డు అవతల ఇంజనీరుతో మాట్లాడుతున్నారు. చెయ్యి ఊపాను. ఐదు నిమిషాలు అన్నట్టు ఐదు వేళ్ళు చూపించారు. ఆ ఐదు నిమిషాలు ఎంతకీ అవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కుండీలు నేను తెచ్చేసుకుంటాను, ఆవిడతో ఎలా ఊరేగుతారో చూస్తాను అనుకుని నేరుగా మలుపు దగ్గరికి వెళ్ళాను. రెండు కుండీలు లాగి గోడవార పెట్టాను. మూడోది గులాబీ. దాన్ని పొట్టకి ఆనించుకుని పైకెత్తాను.

అప్పుడే ఒక వ్యాను, దారి వెడల్పయింది కదా అని, ఆ ఖాళీలోకి జోరుగా తిరిగింది. కుండీ చేజారి పగిలింది. నేను కేకపెట్టి వెనక్కి పడ్డాను. చక్రం నా కాలి పక్కనే ఆగింది.

అవతలినుంచి ఈయన పరుగెత్తుకొచ్చారు. బడిపిల్లల చెయ్యి పట్టుకుని "ఇటు చూడు, అటు చూడు, మళ్ళీ ఇటు చూడు" అని నేర్పే మనిషి ఎటూ చూడలేదు. మెడలో టేపు ఎగురుతోంది, కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ చూపు కోసమే నేను ఏడాదిగా ఏడుస్తున్నాను. గెలిచాననుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అంతలో కారు బ్రేకు కీచుమంది. బంపరు ఆయన మోకాలిని తాకి ఆగింది.

ఆయనకి ఆ సంగతే తెలియలేదు. నా పక్కన కూలబడి "దెబ్బ తగిలిందా? ఏదీ, చూడనీ," అంటూ నా చేతులు తడుముతున్నారు. వెనకాల కారువాడు తిడుతూనే ఉన్నాడు.

కాసేపటికి లేచి, గోడవార పెట్టిన కుండీలు రెండూ నేనే మళ్ళీ గీత మీదికి జరిపాను. ఆవిడంటే నాకు ఇప్పటికీ పడదు.

"నీకేమైనా అయితే రాననుకున్నావా?" అన్నారాయన, ఇంకా రొప్పుతూ.

"వస్తారు, చూశాగా," అన్నాను. "ఇకమీదట నా కోసమైనా సరే, అటూ ఇటూ చూసుకుని రండి."